అట్ట చూడగానే చెయ్యి చాపించిన సంచికలు

పత్రిక అట్టను తూచడానికి రెండు తక్కెళ్లున్నాయి. తోటి సంపాదకులు మెచ్చుకున్నారా అన్నది ఒకటి. కొట్లో వేలాడుతున్న కాపీని దారిన పోయేవాళ్లు తీసుకుని డబ్బులిచ్చారా అన్నది రెండోది. అమెరికాలో పెద్ద పత్రికలు చాలావరకు చందాల మీద నడిచాయి. చందాదారుడికి అట్ట ఎలా ఉన్నా సంచిక పోస్టులో ఇంటికి వచ్చేస్తుంది. అట్ట సత్తా తేలేది విడి కాపీల దగ్గరే. కింద చెప్పుకునే అట్టల్లో కొన్ని విడి కాపీల లెక్కలో నెగ్గాయి, కొన్ని రెండు తక్కెళ్లలోనూ నెగ్గాయి. అన్నిటిలోనూ కనబడే గుణం ఒకటుంది. అట్ట మీద ఒకే సంగతి పెట్టి, దానికి అడ్డొచ్చేవన్నీ తీసేశారు.

ముందు అందరికీ తెలిసిన 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్. ఎర్ర ముసుగు, ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి. స్టీవ్ మెక్‌కరీ ఈ ఫొటోను 1984 డిసెంబరులో, పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థుల శిబిరంలో, గుడారంలో నడుస్తున్న బడిలో తీశారు. నికాన్ ఎఫ్ఎం2 కెమెరా, 105 మి.మీ. లెన్సు, కోడాక్రోమ్ 64 ఫిల్ము. ఈ మూడింట్లో ఏది మారినా ఆ బొమ్మ అలా వచ్చేది కాదు. 50 మి.మీ. లెన్సుతో మొహం ఫ్రేము నిండేంత దగ్గరికి వెళితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. 105తో కాస్త ఎడంగా నిలబడొచ్చు, మొహం కొలతలు చెడవు, వెనకున్నది మెత్తగా చెదిరిపోతుంది. కోడాక్రోమ్ స్లైడ్ ఫిల్ము. నెగటివ్‌లా తర్వాత సర్దుకునే వీలు తక్కువ, ఫిల్ము మీద పడే వెలుగు (ఎక్స్‌పోజరు) ఒక మెట్టు తప్పితే చర్మం తెల్లగా పాలిపోతుంది, లేదా మసిబారుతుంది. సరిగ్గా కుదిరితే మాత్రం ఎరుపును అంత చిక్కగా పట్టే ఫిల్ము అప్పట్లో ఇంకోటి లేదు.

ఇక రంగుల లెక్క. ముసుగు ఇటుక ఎరుపు. దాని చిరుగుల్లోంచి లోపలి ఆకుపచ్చ బట్ట తొంగిచూస్తుంది. వెనక గోడ కూడా ఆకుపచ్చే. చూపు ఎరుపులోంచి చిరుగుల దగ్గరికి, అక్కడినుంచి గోడకు తిరిగి, చివరికి అదే రంగున్న కళ్ల దగ్గర ఆగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ ఎదురెదురు రంగులు కాబట్టి పక్కపక్కన పెడితే రెండూ ఇంకాస్త మండుతాయి. ఇక్కడ ఎరుపు పెద్ద ముక్క, కళ్లలోని ఆకుపచ్చ చిటికెడు. రెండూ సమానంగా ఉంటే బొమ్మ జెండాలా తయారయ్యేది.

మెక్‌కరీ తెచ్చినవాటిలో ఆ అమ్మాయి ముసుగుతో సగం మొహం కప్పుకున్న ఫొటో కూడా ఉంది. చిత్రాల సంపాదకుడు ఆ కప్పుకున్నదాని వైపే మొగ్గితే, ప్రధాన సంపాదకుడు విల్బర్ గారెట్ సూటిగా చూస్తున్న ఫొటోను అట్టకు ఎంచారు. కప్పుకున్న ఫొటో తక్కువదేమీ కాదు, లోపలి పేజీలో అయితే చాలాసేపు ఆపుతుంది. కానీ అట్ట ఫొటో కొనేవాడి కళ్లలోకి చూడాలి, నోరు కనబడకపోతే ఆ మనిషి కోపంగా ఉందో భయంగా ఉందో తెలియదు. ఇందులో పెదాలు కొద్దిగా బిగిసి ఉంటాయి. కళ్లకున్నంత బలం ఆ బిగింపుకీ ఉంది.

ఈ అట్టలో క్షమించలేని లోపం ఒకటుంది. ఆ అమ్మాయి పేరు ఎవరూ రాసుకోలేదు. ప్రపంచమంతా తెలిసిన ఆ మొహానికి 17 ఏళ్లపాటు పేరు లేదు. 2002లో మళ్లీ వెతికి పట్టుకున్నాక షర్బత్ గులా అని తెలిసింది, ఆ ఏడాది ఏప్రిల్ సంచిక అట్ట మీద మళ్లీ ఆమెనే వేశారు. ఫొటో తీసిన రోజే పేరు, ఊరు, అనుమతి కాగితం మీద పెట్టడం ఏ పత్రికకైనా అయిదు నిమిషాల పని. గ్రామాలకు వెళ్లి ఫొటోలు తెచ్చే మన పత్రికల వాళ్లు కూడా ఈ పని వదిలేయకూడదు.

మనిషే లేని అట్ట టైమ్ పత్రిక 1966 ఏప్రిల్ 8 సంచికది. నల్లటి పేజీ, ఎర్రటి అంచు, మధ్యలో ఎర్ర అక్షరాలతో ఇంగ్లీషులో మూడు మాటల ప్రశ్న: దేవుడు చనిపోయాడా? టైమ్ చరిత్రలో ఉత్త అక్షరాలతో వచ్చిన తొలి అట్ట ఇదే. సరిపోయే బొమ్మ కోసం చాలా వెతికారు, ఏదీ కుదరక మాటనే బొమ్మ చేశారు. విడి అమ్మకాల్లో అప్పటికి ఇరవై ఏళ్లలో అంతగా అమ్ముడైన టైమ్ సంచిక లేదు, పాఠకుల ఉత్తరాలు వేలల్లో వచ్చాయి. ప్రశ్న గుర్తుకు ఇందులో పెద్ద పనుంది. అదే మాట తీర్పులా రాస్తే నమ్మేవాళ్లు కోపంతో పక్కన పెట్టేవాళ్లు, నమ్మనివాళ్లు తెలిసిందేగా అని దాటిపోయేవాళ్లు. ప్రశ్నగా అడిగేసరికి ఇద్దరికీ లోపల ఏముందో చూడాలనిపించింది. అయితే ఇది ఒకసారికే పనికొచ్చే పద్ధతి. ప్రతి వారం ప్రశ్న గుర్తుతో అట్ట వేస్తే మూడో వారానికే పాఠకుడు పట్టించుకోవడం మానేస్తాడు.

నలుపు మీద ఎరుపు అచ్చువేయడంలో ఇబ్బందేమిటో ప్రెస్సులో పనిచేసేవాళ్లకు తెలుసు. ఒక్కో సిరాకు ఒక్కో ప్లేటు ఉంటుంది. నల్ల ప్లేటులో అక్షరాన్ని ఖాళీగా వదిలి, మెజెంటా (గులాబీ ఎరుపు), పసుపు ప్లేట్లలో అంతమేరకే అక్షరం పెడితే, కాగితం వెంట్రుకంత జరిగినా చుట్టూ తెల్ల గీత పడుతుంది. అలా కాకుండా పేజీ మొత్తానికి మెజెంటా 100 శాతం, పసుపు 100 శాతం వేసి, అక్షరాన్ని నల్ల ప్లేటులో మాత్రమే ఖాళీగా వదలాలి. అప్పుడు ప్లేట్లు కాస్త జరిగినా తెలుపు కనబడే సందే ఉండదు. నలుపు 100తో కలిపి మొత్తం సిరా 300 శాతం అవుతుంది కాబట్టి పూతవేసిన మంచి ఆర్ట్ పేపరు మీద చేయాలి. న్యూస్‌ప్రింట్ మీద ఇదే చేస్తే ఆరక ముందే పై షీటుకు అంటుకుంటుంది.

ప్రెస్సు పనితనం పరంగా వీటన్నిటికీ పెద్దది న్యూయార్కర్ 2001 సెప్టెంబరు 24 సంచిక. న్యూయార్కులో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాలు కూలిన తర్వాత వచ్చింది. మొదట చూస్తే నల్ల అట్ట, పైన పత్రిక పేరు, అంతే. సంచికను కిటికీ వైపు కాస్త వంచి పట్టుకుంటే ఆ నలుపులోంచి ఇంకా నల్లగా రెండు భవనాల ఆకారాలు తేలతాయి. ఒక భవనం మీది యాంటెనా పత్రిక పేరులోని ఒక అక్షరాన్ని చీల్చుకుని పైకి వెళ్తుంది. ఆ గీత లేకపోతే పైన పేరు, కింద బొమ్మ వేరువేరుగా ఉండిపోయేవి. కళా సంపాదకురాలు ఫ్రాన్స్వాజ్ మూలీ, చిత్రకారుడు ఆర్ట్ స్పీగల్‌మన్ కలిసి చేసిన అట్ట ఇది. మూలీ అసలు ఏ బొమ్మా వద్దనే ఆలోచనతో ఉన్నారు. స్పీగల్‌మన్ ముందు నీలాకాశం కింద బట్ట కప్పిన భవనాల ఊహతో వచ్చారు, తర్వాత నలుపు మీద నలుపు అన్నది ఆయన సూచనే. నీలాకాశం బొమ్మ వేసుంటే ఆ వారం కళ్లకు కట్టినట్టున్న దృశ్యానికి పోటీగా ఇంకో దృశ్యం పెట్టినట్టయ్యేది. ఈ నల్ల అట్ట పోటీకి దిగలేదు.

దీన్ని అచ్చువేసిన తీరు తెలుసుకోవాల్సింది. నేపథ్యపు నలుపు మామూలు నాలుగు సిరాల మిశ్రమం. భవనాలకు అయిదో సిరాగా మరో నలుపు, దాని మీద పారదర్శకమైన వార్నిష్. రెండు నలుపుల మీద వెలుగు రెండు రకాలుగా మెరుస్తుంది కాబట్టే వంచినప్పుడు తేడా తెలుస్తుంది. ఫోను తెర మీద ఈ అట్ట చూసి, ఇందులో ఏముంది అనుకునేవాళ్లది తప్పు కాదు. తెర మీద ఆ తేడా సరిగ్గా రాదు.

మన దగ్గర ఇలాంటిది చేయాలంటే హైదరాబాదు, విజయవాడ, శివకాశి ప్రెస్సుల్లో అన్ని హంగులూ ఉన్నాయి. పెళ్లి శుభలేఖల మీద మెరిసే అక్షరాలకు వాడే స్పాట్ యూవీ (కావలసిన చోట మాత్రమే వేసే మెరుపు పూత) అదే కోవ పని. నేపథ్యానికి సయాన్ (లేత నీలం) 40, మెజెంటా 30, పసుపు 30, నలుపు 100 పెడితే మొత్తం 200 అవుతుంది. అయిదో నలుపు 100 కలిపితే 300, అక్కడికి ఆపాలి. నేపథ్యంలోనే 60, 40, 40, 100 పెట్టేసి దాని మీద ఇంకో నలుపు కొడితే 340కి పోయి సెట్ ఆఫ్ అవుతుంది, అంటే ఆరని సిరా పై షీటుకు అంటి షీట్ల వెనకవైపు నిండా నల్ల మచ్చలు. అయిదో సిరాకు బడ్జెట్ లేకపోతే మ్యాట్ లామినేషన్ (మెరుపులేని ప్లాస్టిక్ పొర) చేసిన నల్ల అట్ట మీద స్పాట్ యూవీ ఒక్కటి కొట్టించినా ఫలితం దగ్గరగా వస్తుంది. ఒట్టి నల్ల సిరా 100 మాత్రం నమ్ముకోవద్దు. పెద్ద జాగా నిండా వేస్తే బూడిద రంగు పలక అనిపిస్తుంది.

నల్ల అట్టతో ఇంకో రెండు చిక్కులు. వేలిముద్రలు పడతాయి, నాలుగు చేతులు మారేసరికి కొట్లోని కాపీ పాతదైపోతుంది. రెండోది, మడత దగ్గర సిరా పగిలి తెల్లగా పీచు బయటపడుతుంది. సెంటర్ పిన్ను కొట్టే పత్రికకు అట్ట కాగితపు నార వీపుకి (మడత గీతకు) సమాంతరంగా ఉండేలా షీటు కోయించాలి. నార అడ్డంగా పోతే ఎంత మంచి లామినేషన్ అయినా నిలవదు. మడవక ముందు క్రీజింగ్ (మడత గీతను ముందే నొక్కడం) చేయించడం తప్పనిసరి, అది మిగిలిస్తే వచ్చే ఆదా కన్నా పాడయ్యే కాపీల నష్టమే ఎక్కువ.

ఎస్క్వైర్ 1968 ఏప్రిల్ అట్ట మీద ముహమ్మద్ అలీ. సైన్యంలో చేరనన్నందుకు ఆయన బాక్సింగ్ టైటిల్ అప్పటికే లాగేసుకున్నారు. రూపకర్త జార్జ్ లోయిస్ ఆయన్ని ఒంటినిండా బాణాలు గుచ్చుకున్న క్రైస్తవ అమరుడు సెబాస్టియన్ భంగిమలో నిలబెట్టారు. తెల్లటి నేపథ్యం, తెల్ల నిక్కరు, తెల్ల బూట్లు, ఆరు బాణాలు. అలీ ముస్లిం కాబట్టి క్రైస్తవ భంగిమలో నిలబడొచ్చా అన్న సంశయం వచ్చింది, తన మతగురువు ఎలైజా ముహమ్మద్‌కు ఫోను చేసి మాట్లాడాకే ఒప్పుకున్నారు. ఫొటోగ్రాఫర్ కార్ల్ ఫిషర్‌కు ఎదురైన కష్టం మరోటి. ఒంటికి అతికించిన బాణాలు బరువుకి కిందికి వాలిపోయాయి. పైన అడ్డకర్ర కట్టి, కంటికి ఆనని సన్నటి దారాలతో ఒక్కో బాణాన్ని వేలాడదీశారు, అలీ కదలకుండా నిలబడ్డారు. తలను వెనక్కి వాల్చి నోరు కొద్దిగా తెరిచిన ఆ మొహంలో నొప్పి నిజమనిపిస్తుంది. బాణాల కోణాలు తప్పుంటే నాటకం వేషంలా మిగిలేది. ఆ దారాల పనే అట్టను నిలబెట్టింది. మన పత్రికల్లో ఇలాంటి ఊహలు చాలామందికి వస్తాయి, కానీ స్టూడియోలో ఒక పూట అదనంగా కూర్చునే ఓపిక దగ్గర ఆగిపోతాయి.

రోలింగ్ స్టోన్ 1981 జనవరి 22 అట్ట సంగతి ఇంతకు ముందే చాలామంది చెప్పారు, కాబట్టి క్లుప్తంగా. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ బట్టల్లేకుండా ముడుచుకుని భార్య యోకో ఓనోను హత్తుకున్న ఫొటో. యానీ లీబోవిట్జ్ 1980 డిసెంబరు 8న తీశారు, అదే రాత్రి ఆయన హత్య జరిగింది. పత్రిక కోరింది లెనన్ ఒక్కడి బొమ్మ, భార్య కూడా ఉండాలని పట్టుబట్టింది ఆయనే. అట్ట మీద పత్రిక పేరు తప్ప వార్త తాలూకు అక్షరం ఒక్కటి కూడా వేయలేదు. 2005లో అమెరికా పత్రికా సంపాదకుల సంఘం గత 40 ఏళ్లలోంచి 40 అట్టలు ఎంచినప్పుడు ఇదే మొదటిది. రెండోది కూడా లీబోవిట్జ్ తీసినదే, వానిటీ ఫెయిర్ 1991 ఆగస్టు, ఏడు నెలల గర్భిణి, సినిమా నటి డెమీ మూర్. కొన్ని దుకాణాలు దాన్ని కాగితంలో చుట్టి అమ్మితే, ఆ చుట్టడమే దానికి ప్రచారమైంది. మన దగ్గర సీమంతం ఫొటోలు అదే భంగిమలో తీయించుకునేవాళ్లకు ఈ అట్ట పేరు కూడా తెలియకపోవచ్చు.

అదే జాబితాలో ఏడోది నేషనల్ లాంపూన్ అనే హాస్య పత్రిక 1973 జనవరి సంచిక. కుక్క తలకు తుపాకీ గురిపెట్టి ఉంటుంది, ఈ పత్రిక కొనకపోతే కుక్కను చంపేస్తాం అని రాసి ఉంటుంది. ఊహ మొరటుదే, కానీ బొమ్మను కాపాడింది కుక్క చూపు. అది తుపాకీ వైపు కళ్లు పక్కకు తిప్పి చూస్తుంది. ట్రిగ్గరు క్లిక్కుమనిపించి ఆ చూపు రాబట్టారు. అది కెమెరాకేసి చూసుంటే ఒట్టి పెంపుడు కుక్క ఫొటో.

పీపుల్ పత్రిక దారి వేరు. 1974లో మొదలైనప్పటి సంపాదకుడు రిచర్డ్ స్టోలీ ఎవరి మొహం అమ్ముతుందన్నదానికి సూత్రాలే రాసుకున్నారు. ముసలితనం కన్నా యవ్వనం, సినిమా కన్నా సంగీతం, సంగీతం కన్నా టీవీ, రాజకీయం కన్నా ఏదైనా మేలు, చనిపోయిన ప్రముఖుణ్ణి మించింది లేదు. ఆ చివరి మాట అనుభవం మీద చేర్చినది. 1977 ఆగస్టులో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ చనిపోతే పీపుల్ అట్ట మీద వేయలేదు. 1980 డిసెంబరులో లెనన్‌ను వేశారు, ఆ సంచిక చాలా ఏళ్లు వాళ్ల అమ్మకాల రికార్డుగా నిలిచింది. ఈ సూత్రాలు అమ్మకానికి పనికొస్తాయి, ఒప్పుకోవాల్సిందే. కానీ అట్ట తయారుచేసేవాడికి వీటిలో నేర్చుకునేది తక్కువ, మొహం ఎవరిదో తేలాక మిగిలింది మామూలు పోర్ట్రెయిటే. ఈ వరుసలో దీనికే తక్కువ మార్కులు.

మనవాటిలో చందమామను పక్కన పెట్టి మాట్లాడటం అన్యాయం. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక అట్ట మీద పేరు, బొమ్మ, అంతకు మించి చెప్పుకోదగ్గ అక్షరాలు ఉండేవి కావు. ఎం.టి.వి. ఆచార్య భారత ఘట్టాలు, వడ్డాది పాపయ్య వ.పా. సంతకంతో వేసిన బొమ్మలు పేజీ నిండా నిలబడేవి. లోపల ఏ కథలున్నాయో అట్ట చెప్పదు, అయినా పిల్లలు అట్ట చూసే లాక్కునేవాళ్లు. ఇవాళ్టి వారపత్రికల్లో కొన్నింటి అట్ట మీద ఏడెనిమిది శీర్షికలు, మూడు చిన్న ఫొటోలు, ఒక బహుమతి ప్రకటన కిక్కిరిసి ఉంటాయి. బడ్డీకొట్టు తాడుకు ఒకదాని మీద ఒకటి క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే పైన కనబడేది మూడు అంగుళాలు. ఆ మూడు అంగుళాల్లో పత్రిక పేరు, కళ్లు, ఒక మాట పడితే చాలు.

తెలుగు అక్షరం విషయంలో ఇంగ్లీషు అట్టలను చూసి కొలతలు తెచ్చుకుంటే దెబ్బతింటాం. ఇంగ్లీషు పెద్దక్షరాలకు వరుసల మధ్య ఎడం దాదాపు అవసరం లేదు. మనకు పైన గుడి, దీర్ఘం, కింద వత్తు. స్త్రీ అన్న ఒక్క అక్షరమే చూడండి, స కింద రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం. దాని కింది వరుసలో కీ వచ్చిందంటే రెండూ గుద్దుకుంటాయి. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు వరుస ఎడం ఇవ్వాలి, లేదా గుద్దుకునే మాటలు కిందా మీదా రాకుండా శీర్షిక తిరగరాయాలి. అక్షరం చుట్టూ మందమైన తెల్ల అంచు కొట్టే అలవాటు మానుకుంటే మంచిది, ఆ అంచు వత్తుల లోపలి ఖాళీల్లోకి పాకి వాటిని పూడ్చేస్తుంది. ముదురు ఫొటో మీద తెల్ల అక్షరం 14 పాయింట్ల కన్నా చిన్నదైతే ప్లేటు కొద్దిగా జరిగినా ఒత్తులు మాయమవుతాయి.

ప్రెస్సుకి పంపే ముందు మూడు పరీక్షలు చాలు. అట్టను 3 సెంటీమీటర్ల వెడల్పుకి తగ్గించి చూడాలి, ఇప్పుడు చాలామంది సంచికను మొదట చూసేది ఫోనులో ఆ సైజులోనే. నలుపు తెలుపు జిరాక్స్ తీసి చూడాలి, రంగు పోయాక అక్షరం బొమ్మలో కలిసిపోతే రంగు ఉన్నా కష్టంగానే చదువుతారు. అసలు సైజు ప్రింటు గోడకు అంటించి మూడు మీటర్ల దూరం నుంచి చూడాలి. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోత గీతకు బయటికి అదనంగా అచ్చువేసే అంచు), కోత గీతకు లోపల కనీసం 5 మి.మీ. వరకు అక్షరం లేకుండా ఉంచడం ఎలాగూ తెలిసిందే. బార్‌కోడ్ ఎర్రగా వేయకండి. స్కానరు వెలుగు ఎరుపు కాబట్టి దానికి ఆ గీతలు కనబడవు.

పాత సంచికలు కొని దాచుకునేవాళ్లకు ఒక మాట. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ అరుదైనదేమీ కాదు, ఆ పత్రిక అప్పట్లో కోటి కాపీల ప్రాంతంలో నడిచింది. ఎక్కువ ధర చెబితే వదిలేయండి, వీపు దగ్గర పసుపు అరగనిదీ, అంచులు నలగనిదీ దొరికేదాకా ఆగొచ్చు. న్యూయార్కర్ నల్ల అట్టకు మాత్రం జాగ్రత్త అవసరం. చందాదారుల కాపీల మీద చిరునామా స్టిక్కరు ఉంటుంది, దాన్ని పీకితే సిరా పొర కూడా లేస్తుంది, కాబట్టి అలాగే ఉంచడం మేలు. పోస్టరుగా అమ్మేవాటిలో నాలుగు రంగుల్లో తిరిగి అచ్చువేసినవి ఉంటాయి, వాటిలో భవనాలు ఏ కోణంలో చూసినా ఒకేలా బూడిద రంగులో కనబడతాయి. అసలు కాపీని బల్బు కింద నేరుగా పట్టుకుంటే భవనాలు దాదాపు కనబడవు, పక్కకు వంచితేనే పైకి తేలతాయి. కొనే ముందు అమ్మేవాణ్ణి అలా వంచి వీడియో తీసి పంపమనండి.